బోర్డు ఒకరిది, ప్రోగ్రాము ఒకరిది

పోటు వేళ అండమాన్‌లోని సిప్పీఘాట్ రోడ్డు పక్కన నిలబడితే, ఒకప్పుడు వరి పండిన మళ్లలోకి ఉప్పునీరు మెల్లగా నడిచి రావడం కనిపిస్తుంది. 2004 డిసెంబరు 26న, ఉదయం ఆరున్నర వేళ భూమి కదిలినప్పుడు ఈ చుట్టుపక్కల నేల సుమారు మీటరు మేర కుంగింది. సునామీ అల వెనక్కి పోయింది గాని కుంగిన నేల పైకి లేవలేదు. అప్పటినుంచి సముద్రం రోజుకు రెండుసార్లు మా పొలాలు చూసి పోతోంది. కొబ్బరి చెట్లు మోళ్లయి నీళ్లలో నిలబడ్డాయి. వాటి మీద కొంగలు వాలుతున్నాయి, గట్ల వెంట మడచెట్లు మొలుస్తున్నాయి. ఈ నీళ్లకు కొంచెం ఎగువన మా వీధి పంపు షెడ్డు ఉంది. దాని గోడకు మొన్నమొన్నటి దాకా ఒక తెల్ల ప్లాస్టిక్ పెట్టె వేలాడేది. ఈ మాటలన్నీ రాయించింది ఆ పెట్టే.

మాది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. విశాఖలో ఓడెక్కితే మూడో రోజుకి పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరిని శ్రీ విజయపురం అంటున్నారు, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, హైదరాబాద్ కుషాయిగూడలో ఒక చిన్న వర్క్‌షాపులో ఇరవై అయిదేళ్లు పనిచేసి, సునామీ తరవాత ఇంటికొచ్చేశాను. మేం చేసినవి కాటాలు, మోటారు రక్షణ పెట్టెలు, కొలిమి వేడిని అదుపులో పెట్టే కంట్రోలర్లు. ఇప్పుడు వాటిని ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటున్నారు. అప్పుడు మాకు ఆ పేరు తెలియదు. "ప్రాసెసరు పెట్టిన పెట్టె" అనేవాళ్లం.

మా రోజుల్లో ఆ పెట్టె పుట్టేది ఒక నల్లబల్ల మీద. మా యజమాని బల్ల మధ్యలో పైనుంచి కిందికి ఒక గీత గీసేవాడు. ఎడమవైపు "వైరు", కుడివైపు "ప్రోగ్రాము" అని రాసేవాడు. పెట్టె చేయాల్సిన పనులన్నీ కింద వరసగా రాసి, ఒక్కో పనినీ ఏ వైపు పెట్టాలో అందరం కలిసి వాదించుకునేవాళ్లం. సాల్డరింగ్ చేసేవాడూ అక్కడే, అసెంబ్లీ కోడు రాసేవాడూ అక్కడే. కొన్ని పనులు రోజుకు మూడుసార్లు గీత దాటేవి. ఆ గీత ఖాయమయ్యేదాకా ఎవరూ ఒక్క ఐసీ కొనకూడదు, ఒక్క లైను రాయకూడదు. అది మా షాపు చట్టం.

అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన కోసం చేసిన కాటా ఉదాహరణ చెబుతాను. బరువు చూపించడానికి నాలుగు అంకెలు కావాలి. ఒక్కో అంకెకూ ఏడు గీతల దీపం. పనిని వైరు వైపు పెడితే ప్రతి అంకెకూ ఒక 7447 డీకోడరు, అంకెను పట్టి ఉంచడానికి ఇంకో చిప్పు. నాలుగు అంకెలకు ఎనిమిది చిప్పులు. ఖర్చు ఎక్కువ, వేడి ఎక్కువ, బోర్డు పెద్దదవుతుంది. కాని ప్రాసెసరు ఒకసారి అంకె చెప్పి తన పని తాను చూసుకోవచ్చు. ప్రోగ్రాము వైపు పెడితే ఒక్క వరస డ్రైవర్లు చాలు. ప్రాసెసరు మొదటి అంకెను రెండు మూడు మిల్లీసెకన్లు వెలిగించి ఆర్పి, రెండోది, మూడోది, నాలుగోది అలా తిప్పుతూ ఉంటే కంటికి నాలుగూ ఒక్కసారే వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. చిప్పులు మిగులుతాయి. బదులుగా ప్రాసెసరు ఆ దీపాల కాపలా ఒక్క క్షణం మరవకూడదు.

మేం రెండోదే ఎంచుకున్నాం. మొదటి రోజే దెబ్బతిన్నాం. బరువును కేజీల్లోకి మార్చే గుణకారం దగ్గర ప్రాసెసరు ఆలస్యం చేసేది, ఆ కాస్తసేపూ ఒక అంకె భగ్గున వెలిగి మిగతా మూడూ ఆరిపోయేవి. కోడు రాసిన కుర్రాడు గుణకారాన్ని ముక్కలు చేస్తానన్నాడు. బోర్డు గీసినాయన తన బల్ల మీది నుంచి ఒక టైమరు చిప్పు తీసి, "ఇది రెండు మిల్లీసెకన్లకోసారి నీ ప్రాసెసరు తలుపు కొడుతుంది, లేచి దీపం తిప్పి మళ్లీ లెక్క చేసుకో" అన్నాడు. ఒక చిప్పు ఇటు వచ్చింది, ఇరవై లైన్ల కోడు అటు వెళ్లింది. అరగంటలో తేలిపోయింది. ఆ ఇద్దరూ రెండు ఊళ్లలో కూర్చుని ఉంటే ఆ అరగంట మూడు నెలలయ్యేది. ఒట్టి లెక్కకు అంటున్న మాట కాదిది, మా పంపు షెడ్డులో నెలలు పోవడం నేను కళ్లారా చూశాను.

పనిముట్ల సంగతి కూడా చెప్పాలి. మా ప్రాసెసరు 8085. ప్రోగ్రాము ఉండేది 2716 ఈప్రామ్‌లో, అందులో పట్టేది 2 కిలోబైట్లు. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. తప్పు రాస్తే ఆ చిప్పును పెట్టెలో అల్ట్రావయొలెట్ దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి, మొత్తం చెరిపి, మళ్లీ మొదటి బైటు నుంచి ఎక్కించాలి. ఎక్కించాక కిటికీ మీద కాగితం అంటించాలి, లేకపోతే ఎండకు జ్ఞాపకం చెడుతుంది. తరవాత 8051 వచ్చింది. అందులో వేరియబుల్స్ పెట్టుకోవడానికి 128 బైట్లు. బైట్లే, కిలోబైట్లు కావు. ఇవాళ ఐదారు వందల రూపాయలు పెడితే రెండు కోర్లతో 240 మెగాహెర్ట్జ్‌కు పరిగెత్తే బోర్డు ఇంటికొస్తుంది. దాని ర్యామ్ 520 కిలోబైట్లు. నాకు దాని మీద కోపం లేదు. అంత మంచి సరుకు నా చేతికి ముప్పై ఏళ్ల వయసులో దొరికి ఉంటే ఏమేమి చేసేవాణ్ణో. నా బాధంతా ఆ బల్ల మీది గీత గురించి. చోటు తక్కువైనప్పుడు ఆలోచించక తప్పేది కాదు, చోటు పెరిగేసరికి గీత గీయడమే మానేశారు.

గీత సరిగ్గా గీస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన దేశంలో ప్రతి ఓటరూ ముట్టుకున్న వస్తువొకటి ఉంది. ఓటింగ్ యంత్రం. మా వర్క్‌షాపుకు కూతవేటు దూరంలో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఉండేది. 1967లో దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఇప్పుడు ఈసీఐఎల్ పక్కన ఆయన పేరున ఒక నగరే ఉంది. ఆ సంస్థ 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారుచేసింది, 1980 ఆగస్టులో పార్టీల వాళ్లకు చూపించారు. 1982 మేలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో యంత్రం మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను ఒప్పుకోలేదు. 1988 చివర్లో చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా అవే. అదే ఏడాది వేసవిలో మా ద్వీపాల్లో కూడా వాటి మీదే ఓటు వేశారు.

దాని లోపలి ఆలోచన ఎంత పొందికో ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్, ఓటరు దగ్గర బ్యాలెట్ యూనిట్, మధ్యలో అయిదు మీటర్ల కేబులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు పదహారు పేర్లు. పాత యంత్రంలో నాలుగు యూనిట్లు కలిపితే 64 మంది అభ్యర్థులు. కరెంటు లేని ఊళ్లో కూడా పనిచేయాలి గనక నడిచేది బ్యాటరీ మీద. బ్యాటరీ మీద నడవాలంటే ప్రాసెసరు ఎక్కువ తినకూడదు, దీపాలు లెక్కగా వెలగాలి. అంటే ప్రోగ్రాము పొదుపుగా ఉండాలి. ఆ ప్రోగ్రాము చిప్పులోకి ఒక్కసారే ఎక్కుతుంది, మళ్లీ తిరగరాయడానికి వీలులేదు. ఓటరు పదిసార్లు బటన్ నొక్కినా ఒక్క ఓటే పడుతుంది, అధికారి మళ్లీ "బ్యాలెట్" నొక్కితే తప్ప రెండోది పడదు. నిమిషానికి అయిదు ఓట్లకు మించి తీసుకోకుండా కట్టడి పెట్టారు. బూత్ ఆక్రమించిన రౌడీకి కాయితం బ్యాలెట్ల కట్ట మీద వరసగా ముద్రలు గుద్దుకుంటూ పోయే వేగం దొరకదు. బయట పోలీసు వచ్చేదాకా యంత్రం తన నడక తాను నడుస్తుంది.

ఇంకొకటి చూడండి. ఫలితం చూపే బటన్‌కు ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపుకు దారం కట్టి లక్క ముద్ర వేస్తారు. ఇది వైరు కూడా కాదు, ప్లాస్టిక్కూ దారమూ. అంతటితో వదిలేశారా? ఎవరైనా ముద్ర తెంపి బటన్ నొక్కినా, ముందుగా "క్లోజ్" నొక్కి ఓటింగు ముగించి ఉండకపోతే ప్రోగ్రాము ఫలితం చూపదు. ముగించాక ఇంకొక్క ఓటు తీసుకోదు. దారం తన పని చేస్తుంది, కోడు తన పని చేస్తుంది, ఒకటి ఓడితే రెండోది నిలబడుతుంది. తలుపు గీసినవాడూ ప్రోగ్రాము రాసినవాడూ కలిసి మాట్లాడుకోకుండా ఇది వచ్చేది కాదు. ఆ పెట్టెకు బయటి రూపం ఇవ్వడంలో బొంబాయి ఐఐటీ డిజైన్ కేంద్రం ఆచార్యులు ఏ.జి. రావు, రవి పూవయ్య పనిచేశారు. అక్షరం రాని వాడు కూడా అడగకుండా నొక్కగలిగేలా చేయాలన్నది వాళ్ల పట్టుదల. యంత్రం మీద రాజకీయ వాదాలు వేరే ఉన్నాయి, అవి నాకు వద్దు. పనితనం గురించి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు మా పంపు షెడ్డు గోడ మీది తెల్ల పెట్టె దగ్గరికి వద్దాం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు నీటికి కటకట. వాన ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు పడే చోట నీటి కరువంటే మెయిన్‌ల్యాండ్ వాళ్లు నమ్మరు. పడ్డ వాన సముద్రంలోకి పోతుంది, దాచుకునే చోటు తక్కువ. అందుకని వీధి వాళ్లందరం చందా వేసుకుని బావి నుంచి ట్యాంకుకు ఆటోమేటిక్ పంపు పెట్టించుకున్నాం. మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి పెట్టె బిగించి వెళ్లారు. అందులో సిమ్ కార్డు ఉంది. ట్యాంకులో ఎంత నీరుందో ఫోనులో కనిపిస్తుందట, మోటారు దానంతటదే ఆగుతుందట. బాగానే ఉంది, ఎండాకాలమంతా నడిచింది. మే నెలలో మొదటి ముసురు పట్టగానే ఆగిపోయింది. మొదటి మూడు రోజులు వీధి మొత్తానికి చుక్క నీరు లేదు. ఆడవాళ్లు వానలో బిందెలు పట్టుకుని పక్క వీధికి నడిచారు.

ఫోను చేస్తే బోర్డు చేసినవాళ్లు ఒక ఊళ్లో, ప్రోగ్రాము రాసినవాళ్లు ఇంకో ఊళ్లో. బోర్డు వాళ్లు "మేం పరీక్ష చేసే పంపాం, సాఫ్ట్‌వేర్ చూడమనండి" అన్నారు. ప్రోగ్రాము వాళ్లు "మా దగ్గర ఇదే కోడు వంద పెట్టెల్లో నడుస్తోంది, హార్డ్‌వేర్ చూడమనండి" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఇద్దరూ నిజమే చెప్పారు. నెల గడిచింది. రెండో నెలలో నాకే ఆగలేక మూత విప్పాను.

చూడగానే సగం సంగతి తెలిసింది. కేబులు పెట్టె నెత్తి మీది నుంచి దిగుతోంది. వాన చుక్క తీగ వెంట నేరుగా కనెక్టరులోకి జారుతుంది. ఉప్పుగాలి తోడై రాగి మీద పచ్చటి చిలుము పేరింది. కేబులును కింద నుంచి రప్పించి, లోపలికి వెళ్లే ముందు ఒక వంపు వేలాడదీస్తే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోయేది. మా వర్క్‌షాపులో నెల రోజుల కుర్రాడికి నేర్పే మొదటి పాఠం అది. సరే, శుభ్రం చేశాను. అయినా నడవలేదు.

చీకట్లో కూర్చుని పెట్టెనే చూస్తూ ఉండిపోయాను. మోడెం దీపం మిణుకుమన్నప్పుడల్లా పక్కనున్న పవర్ దీపం ఒక్క లిప్త మసకబారుతోంది. తరవాత అన్నీ ఆరి, మళ్లీ మొదటి నుంచి వెలుగుతున్నాయి. పది నిమిషాలు చూశాక కథ అర్థమైంది. సిగ్నలు బలంగా ఉన్న నగరంలో ఆ మోడెం మెల్లగా మాట్లాడుతుంది. ముసురు పట్టిన సిప్పీఘాట్‌లో సిగ్నలు సన్నగిల్లితే టవరుకు వినబడేలా గట్టిగా అరవాలి. అలా అరిచేటప్పుడు ఒక్క విసురుకు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బోర్డు మీద పెట్టిన సప్లయ్ ఒక్క ఆంపియరుది. నగరంలో అది చాలింది, ఇక్కడ వోల్టేజి కుంగి ప్రాసెసరు రీసెట్ అవుతోంది. లేచిన ప్రాసెసరు చేసే మొదటి పని ఏమిటి? నెట్‌వర్కుకు కలవడం. కలిసేదాకా పంపు జోలికి పోవద్దని ప్రోగ్రాములో రాశారు. కలవకపోతే వెంటనే మళ్లీ ప్రయత్నించమనీ రాశారు. ప్రయత్నించగానే వోల్టేజి కుంగుతుంది, మళ్లీ రీసెట్. ఇలా రాత్రీ పగలూ, రెండు నెలలు.

బోర్డులో తప్పు లేదు, నగరంలో దాన్ని కొలిచి చూసుకున్నారు. కోడులో తప్పు లేదు, అది రాసినట్టే నడిచింది. ఇద్దరికీ మధ్యనున్న గీత ఎవరూ గీయలేదు. "సిగ్నలు లేకపోతే మోడెం ఎంత లాగుతుంది?" అని కోడు రాసినవాడు బోర్డు వాణ్ణి ఒక్కమాట అడిగి ఉంటే, "కలవకపోతే ఎంతసేపటికి మళ్లీ పిలుస్తావు?" అని బోర్డు వాడు కోడు వాణ్ణి అడిగి ఉంటే, మా వీధి ఆడవాళ్లు బిందెలతో వానలో నడిచేవాళ్లు కారు. నేను మోడెం దగ్గర 2,200 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి వేశాను. విసురు వచ్చినప్పుడు అది తన కడుపులోంచి ఇస్తుంది. పెట్టె లేచి కూర్చుంది. పంపు నెట్‌వర్కు కోసం ఆగకుండా ప్రోగ్రాము మార్చమని రాశాను, ఫోను చేశాను. ఆ మార్పు రాలేదు. ఆ తరవాత సిగ్నలు పూర్తిగా పోయిన ప్రతిసారీ పంపు ఆగుతూనే వచ్చింది.

సముద్రం అడుగున కేబులు వేసి 2020 ఆగస్టు 10న మద్రాసు నుంచి మా ద్వీపాలకు ఇంటర్నెట్ తెచ్చారు. 2,300 కిలోమీటర్ల పొడవు. అంతకుముందు అంతా ఉపగ్రహం దయ. కేబులు వచ్చాక మా జీవితం మారింది, అబద్ధమాడను. కాని ట్యాంకు నిండిందో లేదో తెలుసుకోవడానికి పది అడుగుల దూరంలో ఉన్న పంపు సముద్రానికి అవతలనున్న కంప్యూటర్ని ఎందుకు అడగాలి? ఫోనులో చూపించడం అదనపు సౌకర్యం, నీళ్లు తోడడం అసలు పని. ఏది దేనికోసం ఆగాలో మొదటి రోజే బల్ల మీద తేల్చుకోవాలి.

ఇంతకంటే ఘోరం కూడా జరిగింది లోకంలో. కెనడాలో తయారైన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 మధ్య ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు మించి రేడియేషన్ ఇచ్చింది. కొందరు చనిపోయారు. దానికి ముందున్న మోడల్లో కూడా ప్రోగ్రాము తప్పులు ఉండేవి, కాని ప్రమాదం రాకుండా వైర్లతో, స్విచ్చులతో కట్టిన అడ్డాలు వాటిని ఆపేసేవి. కొత్త మోడల్లో ఆ అడ్డాలు తీసేసి కాపలా మొత్తం ప్రోగ్రాముకు అప్పగించారు. అందుకే మా యజమాని బల్ల మీద ఒక పనిని ఎప్పుడూ గీత దాటనిచ్చేవాడు కాదు: మనిషికి గాని మోటారుకు గాని ప్రాణం మీదికొచ్చేదైతే కోడు ఎంత బాగున్నా సరే, దాని కింద ఒక వైరు కూడా ఉండి తీరాలి. బావి ఎండితే మోటారు ఆపే స్విచ్చు కాంటాక్టరు కాయిల్‌లోనే వరసగా ఉండాలి. ప్రాసెసరు నిద్రపోయినా అది తెగాలి.

బాగా చేసినవాళ్లు ఇవాళ లేరా అంటే, ఉన్నారు. మా ప్రాణాలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. 2004లో హిందూ మహాసముద్రంలో సునామీని ముందుగా పసిగట్టే పరికరం ఒక్కటీ లేదు. 2007 అక్టోబరు 15న హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున కూర్చుని పైనున్న నీటి బరువు కొలిచే పరికరాలు దానికి కబురు పంపుతాయి. ఈ పద్ధతికి అమెరికా వాళ్లు డార్ట్ అని పేరు పెట్టారు. ఆ పరికరం పదిహేను సెకన్లకోసారి ఒత్తిడి కొలుస్తుంది. కొలిచిందల్లా పైకి పంపదు. కొన్ని కిలోమీటర్ల నీటిలోంచి శబ్దంతో పైనున్న బోయాకు కబురు పంపడానికి బ్యాటరీ ఖర్చవుతుంది, ఆ బ్యాటరీ మార్చాలంటే ఓడ వెళ్లాలి. అందుకే లెక్క అడుగునే జరుగుతుంది: గడిచిన మూడు గంటల పోటుపాట్లను బట్టి ఇప్పుడు నీరు ఎంత ఉండాలో ఊహించుకుంటుంది, ఉన్నదానికీ ఊహకూ మధ్య తేడా సుమారు మూడు సెంటీమీటర్లు దాటితే తప్ప తొందరపడదు. దాటితే వెంటనే పైకి అరుస్తుంది. బ్యాటరీ ఎంత, లెక్క ఎంత, అరుపు ఎంత అన్నది ఒకే బల్ల దగ్గర కూర్చుని తూకం వేసిన వాళ్ల పని అది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మేమంతా గుట్టలెక్కి కూర్చున్నాం. పెద్ద అల రాలేదు. ఈసారి హెచ్చరిక మాత్రం వచ్చింది. 2004లో నీళ్లు చూశాక గాని ఎవరికీ తెలియలేదు.

మరి మన చదువులెలా ఉన్నాయి? ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ ఒక బిల్డింగు, సీఎస్‌ఈ ఒక బిల్డింగు. అటువాడికి ప్రోగ్రామంటే పరీక్షలో ఒక పేపరు, ఇటువాడికి వోల్టంటే ప్రవేశ పరీక్షతో వదిలేసిన మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తల్లిదండ్రులు సీఎస్‌ఈ సీటు కోసం పొలాలు అమ్ముతున్నారు. 1990ల మొదట్లోనే హార్డ్‌వేర్నీ సాఫ్ట్‌వేర్నీ కలిపి డిజైన్ చేయడాన్ని విశ్వవిద్యాలయాల్లో ఒక శాస్త్రంగా పట్టించుకున్నారు. ఏ పని చిప్పుకు, ఏ పని ప్రోగ్రాముకు అని పంచడానికి పద్ధతులు కట్టారు. మా నల్లబల్ల మీది గీత వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది, మన పిల్లల ప్రయోగశాలల్లోకి మాత్రం దిగలేదు. పిల్లవాడు రెడీమేడ్ బోర్డు కొంటాడు, ఎవరో రాసిన లైబ్రరీ దించుకుంటాడు, రెండూ కలిసి దీపం వెలిగితే ప్రాజెక్టు పూర్తి. డేటాషీట్ తెరిచే ఓపిక లేదు. తప్పుంటే తరవాత అప్‌డేట్ పంపుదామంటారు. వైరులో ఉన్న తప్పుకు అప్‌డేట్ ఏ దారిన వెళ్తుంది?

మా మేనకోడలి కొడుకు ఒకడున్నాడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆ తెల్ల పెట్టె చివరికి పూర్తిగా పోయాక, వాడే కొత్తది చేస్తానన్నాడు. నాలుగు రోజుల్లో చేసి తెచ్చాడు కూడా. ట్యాంకులో రెండు స్టీలు కడ్డీలు, వాటికి అయిదు వోల్టులు, నీరు తగిలితే కరెంటు పారుతుంది, ప్రాసెసరు చూస్తుంది. చక్కగా నడిచింది. వాడి ముఖం వెలిగిపోయింది. పదిహేనో రోజున ట్యాంకు పొంగి పొర్లింది.

కడ్డీలు బయటికి తీయించాను. ఒకటి బాగానే ఉంది. రెండోది పుళ్లు పడి, చేత్తో తుడిస్తే నల్లగా అంటింది.

"ఏటి తాతా, స్టీలు కదా, తుప్పెలా పట్టీసింది?"

"మన బావి నీరు నాలిక మీద వేసి చూడరా."

వేసుకుని చూశాడు. ఉప్పగా ఉంది. కుంగిన నేలలోకి సముద్రం ఎంతో కొంత ఊరుతూనే ఉంటుంది. ఉప్పునీటిలో ఒకవైపే కరెంటు పారిస్తే ఒక కడ్డీని నీరు మెల్లగా తినేస్తుందని చెప్పాను. మా రోజుల్లో ఈ పనికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ ఇచ్చేవాళ్లం. అటూ ఇటూ పారే కరెంటు గనక ఏ కడ్డీ అరగదు. అంటే తుప్పుకు మందు వైరు వైపు వెతికాం.

వాడు కాసేపు గోళ్లు కొరుక్కుని, "తాతా, ట్రాన్స్‌ఫార్మరెందుకు? ఓపాలి ఈ కడ్డీకి ప్లస్సు, ఓపాలి ఆ కడ్డీకి ప్లస్సు ఇమ్మని కోడులో రాసెయ్యొచ్చు కదా? ఊరికే ఎప్పుడూ ఇచ్చుకోడం కూడా అక్కర్లేదు" అన్నాడు.

నాకు కళ్లు చెమర్చాయి. వాకిట్లో పాత పలక ఒకటి ఉంటే తెచ్చి, మధ్యలో గీత గీసి వాడి చేతికి బలపం ఇచ్చాను. ఇద్దరం గంటన్నర కూర్చున్నాం. కడ్డీలకు రెండు సెకన్లకోసారి రెండు మిల్లీసెకన్లు ఒకవైపు, రెండు మిల్లీసెకన్లు ఎదురువైపు కరెంటు: ప్రోగ్రాము. ట్యాంకులో అల లేచి కడ్డీకి తగిలీ తగలక మోటారు టకటకలాడకుండా, వరసగా అయిదుసార్లు ఒకే మాట వస్తేనే నమ్మడం: ప్రోగ్రాము. బావి ఎండితే మోటారు ఆగడం: వైరు. పవర్‌హౌసులో డీజిల్ సెట్లు మారేటప్పుడు కరెంటు కుంగితే ప్రాసెసరును శుభ్రంగా ఆపి లేపడం: రెండూ. సిమ్ కార్డు: అక్కర్లేదు. బోర్డుకు వార్నిష్ పూశాం, కేబులును కింద నుంచి వంపుతో రప్పించాం.

అది పెట్టి ఎనిమిది నెలలైంది. ఒక పూర్తి వానాకాలం గడిచింది. పోయిన ఆదివారం ట్యాంకు కడిగినప్పుడు కడ్డీలు తీసి చూశాం, రెండూ పెట్టిన రోజులాగే ఉన్నాయి. మీ ఇంట్లో ఇలాంటి పని నేర్చుకునే పిల్లలుంటే వాళ్లకు మొదట ఒక పలక కొనివ్వండి, బోర్డు తరవాత కొనొచ్చు.